ఏడు వందల గ్రాముల సీసం

పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఒక చేపల వ్యాపారి ఉండేవాడు. వాళ్ల తాత శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మనవడు తెల్లారకముందే రేవులో ఉండేవాడు. పడవల దగ్గర వంజరం, సూర కొని, ఐసు పెట్టెల్లో సర్ది, వ్యానులో హోటళ్లకు వేసేవాడు. వసూళ్లన్నీ సాయంత్రమే. నోట్ల కట్టల సంచీ సీటు కింద పెట్టుకుని ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదయ్యేది.

ఒక రాత్రి గరాచర్మ దాటాక ఇద్దరు తాగుబోతులు వ్యానుకి అడ్డం నిలబడ్డారు. బూతులు తిట్టారు, అద్దం మీద గుద్దారు, వాళ్ల దారిన వాళ్లు పోయారు. పైసా పోలేదు. కానీ ఆ రాత్రి నుంచి అతనికి కంటి మీద కునుకు లేదు. చేతిలో ఒక పిస్టలుంటే వాళ్లు అలా గుద్దేవారా అన్న ఆలోచన పట్టుకుంది.

అతని మేనమామ మధ్య అండమాన్‌లో, కదంతల వైపు అడవిలో బుష్ పోలీసుగా పనిచేసి రిటైరయ్యాడు. వల అల్లుకుంటూ కాలక్షేపం చేస్తున్న ఆ ముసలాయన దగ్గరికి మేనల్లుడు ఫోను పట్టుకుని వెళ్లాడు.

“మావా, రెండు లచ్చలు దాచినాను. పిస్టలొకటి కొందామనుకుంటన్నాను. ఇందులో ఏది మంచిదో నువ్వు సెప్పు.”

మామ కళ్లజోడు పెట్టుకుని బొమ్మలన్నీ చూశాడు.

“ఈటిల్లో సగం 9 ఎం.ఎం.వి. అవి పోలీసోళ్లకీ మిలటరీవోళ్లకీరా. మనకివ్వరు. మిగతాయి పైదేశపువి. అయి రావడం ఆగిపోయి నలబయ్యేళ్లయింది. పాతది ఎవులైనా అమ్మినా నీ రెండు లచ్చలు ఏ మూలకీ రావు.”

“మరింక మనకేటి మిగిలింది?”

“కాన్పూర్ రివాల్వరు. పాయింట్ 32. ఒకటి ఏడొందల గ్రాములుంటాది, ఇంకోటి ఐదొందలు.”

“తేలికదే మంచిది కదా మావా?”

“మొయ్యడానికి మంచిదే. పేల్చినప్పుడు చెయ్యి ఎగరేస్తాది. అలవాటు లేని చేతికి బరువుదే మేలు.”

“అయితే ఏడొందలదే కొంటాను.”

“అలాగే కొను,” అన్నాడు మామ. లేచి వెళ్లి వలకి కట్టే సీసం ముక్కలు తెచ్చి తక్కెడలో వేసి తూచాడు. సరిగ్గా ఏడు వందల గ్రాములు కాగానే పాత తువ్వాలు చింపి మూట కట్టి, మేనల్లుడి చేతిలో పెట్టాడు. “కొనీసినావనుకో. నెల్లాళ్లు ఇదే నీ రివాల్వరు. నీ నడుముకైనా ఉండాలి, లేపోతే తాళం లోపలైనా ఉండాలి. మూడో చోటు లేదు. మందు ముట్టుకున్న రోజు తాళం లోపలే. పిల్ల చెయ్యి దానికి తగలకూడదు. ఇది నీ దగ్గరుందని ఎవులికీ తెలీకూడదు. తప్పిన ప్రతిసారీ నా దగ్గరికొచ్చి ఈ తాడుకో ముడెయ్యి.”

“సీసం ముక్కలకి ఇంత కథా!”

“సీసమే కదా. అందుకే దీంతో మొదలెట్టు.”

మొదటి మూడు రోజులు మేనల్లుడు మహా హుషారుగా తిరిగాడు. నాలుగో రోజు ఐసు దిమ్మలు ఎత్తడానికి వంగితే మూట పక్కటెముకలో గుచ్చుకుంది. తీసి వ్యాను సీటు మీద పడేశాడు. పని ముగించి వచ్చేసరికి అది సీటు మీద లేదు. పనికుర్రాడు దాన్ని వెనక చక్రం కింద అడ్డు పెట్టాడు. “రాయి దొరకలేదండి, బాగా బరువుంది కదా అని,” అన్నాడు. ఆ సాయంత్రం తాడుకి మొదటి ముడి పడింది.

గుడికి వెళ్లినప్పుడు దేవుడి ముందుకు నడుముకి కట్టుకుని వెళ్లడానికి మనసొప్పక చెప్పుల పక్కన వదిలాడు. రెండో ముడి. క్షౌరశాలలో కుర్చీ మీద మరిచిపోయి సగం దారి నుంచి పరుగెత్తుకొచ్చాడు. మూడోది. నలుగురిలో ఉండగా చొక్కా పైకి లేచి మూట బయటపడింది. “ఏట్రా అది?” అని ఒకడు అడిగితే గొప్పగా నవ్వాడు. ఆ నవ్వుకి కూడా మామ ముడి వేయించాడు.

పన్నెండో రోజు రేవులో ఒక పడవ ఆసామితో ధర దగ్గర మాటా మాటా పెరిగింది. ఇద్దరూ చిన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్లే. ఆసామి వీడి తండ్రి పేరెత్తి ఒక మాటన్నాడు. ఆ మాట చెవిన పడుతూనే మేనల్లుడి కుడి చెయ్యి దానంతటదే నడుము దగ్గరికి పోయింది. వేళ్లకి తువ్వాలు గుడ్డ తగిలాక గానీ తానేం చేస్తున్నాడో అతనికి తెలియలేదు. బేరం అక్కడే వదిలేసి నేరుగా మామ దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాడు.

మామ చాలాసేపు తాడు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. చివరికి ముడి వేయకుండానే పక్కన పెట్టేశాడు. “దీనికి ఏ ముడెయ్యాలో నాకూ తెలీదు. ఆ పోస్టులో ఉన్నన్నాళ్లూ నాను బయపడింది దీనికే,” అన్నాడు.

ఇరవై రోజులయ్యేసరికి ఆ మూట అతనికి మోయలేని బరువైంది. రాత్రిపూట అంత డబ్బుతో తిరగడం ఉండబట్టే కదా ఇదంతా అనిపించి హోటళ్ల వాళ్లతో మాట్లాడాడు. నలుగురిలో ముగ్గురు డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తామన్నారు. నాలుగో ఆయన పగలే ఇస్తానన్నాడు. ఇంతకాలం తనెందుకు అడగలేదో అతనికే అర్థం కాలేదు.

ఇరవై ఏడో రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అయిదేళ్ల కూతురు గుమ్మంలో కూర్చుని బొమ్మల వంట చేస్తోంది. కొబ్బరి చిప్పలో ఆకులు వేసి నూరుతోంది. నూరుతున్నది సీసం మూటతో. బీరువాకి తాళం వేసే వెళ్లాడు. తాళంచెవి మాత్రం ఎప్పటిలాగే తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. పీట వేసుకుంటే ఆ మేకు ఆ పిల్లకు అందుతుంది. అతను గుమ్మం మీదే కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట.

నెలాఖరున తాడు మీద తొమ్మిది ముళ్లున్నాయి. మామ వాటిని వేలితో ఒక్కొక్కటే తడిమి, “ఇప్పుడు సెప్పు, ఏది కొంటావు?” అని అడిగాడు.

“ముందు గోడలోకి దిగ్గొట్టే ఇనప్పెట్టె కొంటాను మావా.”

“కొను. ముడి పడని నెల ఒకటి తీసుకురా. ఆ మర్నాడు లైసెన్సు అర్జీకి డీసీ ఆఫీసుకి నేనే తోడొస్తాను.”

రెండో నెల తాడు మీద మూడు ముళ్లు పడ్డాయి. మూడో నెల నడుస్తోంది.

నీతి

మొదటిసారి తుపాకీ కొనాలనుకున్నవాళ్లు అడిగేవి ఇంచుమించు ఒకే ప్రశ్నలు: ఏ కంపెనీది, ఎంత బరువు, ధరెంత? మన దేశంలో వీటికి జవాబులు చట్టం ఎప్పుడో సగం చెప్పేసింది. 1980ల నడుమ నుంచి మామూలు పౌరులు విదేశీ ఆయుధం తెప్పించుకునే దారి మూసుకుపోయింది. సైన్యం, పోలీసులు వాడే 9 ఎం.ఎం. లాంటివి నిషిద్ధ శ్రేణి. మధ్యతరగతి చేతికందేది ఎక్కువగా కాన్పూర్ ఆయుధ కర్మాగారపు .32 రివాల్వర్, లేదా అదే కొలతలో దేశంలో తయారైన పిస్టల్. ఆడవాళ్ల కోసమంటూ 2014లో వచ్చిన ‘నిర్భీక్’ బరువు అయిదు వందల గ్రాములు, అప్పటి ధర 1,22,360 రూపాయలు. నగల పెట్టె లాంటి పెట్టెలో పెట్టి అమ్మారు. ఆ పెట్టె గురించి విన్నప్పుడు నాకు బాధేసింది. నగను నలుగురికీ చూపించుకుంటాం. దీన్ని ఎవరి కంటా పడనివ్వకూడదు.

ఈ రెండు మూడు రకాల్లోనే ఎంచుకోవాలంటే కొత్తవాడికి రివాల్వరే నయమంటాను. తెరిస్తే చక్రంలో ఎన్ని గదుల్లో తూటాలున్నాయో కళ్లకు కనబడుతుంది. పిస్టల్ అలా కాదు. మ్యాగజైన్ బయటికి లాగేసినా గొట్టం మొదట్లో ఒక తూటా మిగిలిపోవచ్చు. ఖాళీగా ఉందనుకుని తుడుస్తుంటే పేలి ప్రాణాలు పోయిన ఘటనలకు చాలావాటికి ఆ ఒక్క తూటాయే కారణం. పిడి అరచేతిలో పూర్తిగా ఇమిడిందా, చూపుడు వేలు సాగదీయకుండా ట్రిగ్గర్‌ని అందుకుంటోందా అన్నది చేత్తో పట్టుకుని చూసుకోవాల్సిందే. ఫోనులో బొమ్మ చూసి తేల్చుకునేది కాదు.

ఇక డబ్బు. రెండు లక్షలున్నాయంటే రెండు లక్షల తుపాకీ వెతకడం తప్పు. గోడకు బిగించే పెట్టెకు, శిక్షణకు, ఏటేటా సాధనలో కాల్చే తూటాలకు ముందు పక్కన పెట్టాలి. మిగిలినదే తుపాకీ సొమ్ము. 2016 ఆయుధ నియమాలు దరఖాస్తుదారుడిని శిక్షణ పత్రం, డాక్టరిచ్చే ఆరోగ్య పత్రం, ఆయుధాన్ని భద్రంగా దాస్తానన్న హామీ అడుగుతాయి. ఇరవై ఒక్క ఏళ్లు నిండాలి. పోలీసులు వాకబు చేస్తారు. వీటిని ఎలాగోలా తెచ్చి పడేయాల్సిన కాగితాలుగా చూసే వాళ్లున్నారు. నా దృష్టిలో ఆ మామ వేయించిన ముళ్లకీ ఈ కాగితాలకీ తేడా లేదు. 2019 సవరణ ఒకరి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చి పక్కవాళ్ల ప్రాణం మీదికి తెచ్చేవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పెట్టింది. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది. అలవాట్లు పాడవడానికి అయిదేళ్లు చాలా ఎక్కువ సమయం. ఈ పెంపు నాకు నచ్చలేదు.

తుపాకీ ఉంటే భయం పోతుందనుకునేవాళ్లకు ఈ దీవుల చరిత్రే రెండు సంగతులు చెబుతుంది. 1872 ఫిబ్రవరి 8 సాయంత్రం వైస్రాయ్ లార్డ్ మేయో మౌంట్ హ్యారియట్ దిగి హోప్‌టౌన్ జెట్టీ దగ్గరికి నడిచి వస్తున్నాడు. చుట్టూ కాపలా ఉంది, కాగడాలున్నాయి. షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ చీకట్లోంచి దూకి కత్తితో పొడిచాడు. బ్రిటిష్ ఇండియాలో అందరికంటే గట్టి కాపలా ఉన్న మనిషి ఆ రాత్రే పోయాడు. తుపాకులు లేక కాదు, వాటికి వ్యవధి లేక. రాత్రి రోడ్డు మీద ఎదురయ్యే ఆపద కూడా చాలాసార్లు అలాగే వస్తుంది. అందుకే ఆ మేనల్లుడు హోటళ్ల వాళ్లతో మాట్లాడుకున్న నాలుగు మాటలు అతను కొనబోయిన రివాల్వర్ కంటే ఎక్కువ రక్షణ ఇచ్చాయని నమ్ముతాను.

రెండోది 1942 మార్చి నాటిది. జపాన్ సైన్యం పోర్ట్ బ్లెయిర్‌లో దిగి ఇళ్ల మీద పడుతుంటే జుల్ఫికర్ అలీ అనే యువకుడు సహించలేక ఎయిర్ గన్ పేల్చాడు. ఆ దెబ్బకి ఎవరూ చావలేదు. ఆ కొద్ది రోజుల్లోనే సైనికులు అతన్ని అందరి ఎదుటా చంపారు. అతని పౌరుషాన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు. అది పరాయి సైన్యం, అతనిది సొంత ఊరు. నన్ను కలవరపెట్టేది ఒక్కటే. చేతిలో ఆయుధమున్నప్పుడు చెయ్యి మనసు కంటే ముందు నడుస్తుంది. రేవులో ధర దగ్గర పేచీ పడినప్పుడు కూడా నడుస్తుంది. అక్కడ ఎదుట ఉన్నది శత్రుసైన్యం కాదు, చిన్ననాటి నేస్తం.

ఇన్ని చెప్పాక కూడా గురి నేర్చుకోవాలన్న కోరికే బలంగా ఉన్న కుర్రవాళ్లకు మంచి దారి ఉంది. 4.5 మి.మీ. గొట్టం, ఇరవై జౌళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి లైసెన్సు అక్కర్లేదు. పది మీటర్ల పోటీలో పదో వలయం వెడల్పు 11.5 మి.మీ. మాత్రమే. డెబ్బై అయిదు నిమిషాల్లో అరవై సార్లు దాన్ని వెతుక్కోవాలి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పిస్టల్‌తో నాలుగు పతకాలు తెచ్చింది. అందులో ఒకటి స్వర్ణం. అలాంటి పోటీ రేంజిలో గొట్టం ఎటు చూస్తోందో, ట్రిగ్గర్ మీద వేలెప్పుడుందో అనుక్షణం గమనించే మనిషి ఒకడు వెనకే ఉంటాడు. ఇంట్లో తుపాకీ పెట్టుకునేవాడికి ఆ మనిషి ఉండడు. ఎయిర్ పిస్టల్ కూడా కన్ను పోగొడుతుంది కాబట్టి దాన్నీ తాళం లోపలే పెట్టాలి.

నిజంగానే లైసెన్సు వచ్చి, రివాల్వర్ పెట్టెలో చేరిందనుకోండి. ఇంట్లో ఇంకొకరితో మాట్లాడాల్సిన సంగతి ఒకటి మిగులుతుంది, దాన్ని చాలామంది వాయిదా వేస్తారు. లైసెన్సు మనిషి పేరున ఇస్తారు, ఇంటి పేరున కాదు. ఆ మనిషి పోయాక భార్య దగ్గరగానీ కొడుకు దగ్గరగానీ ఆ ఆయుధం ఉండటం చట్టవిరుద్ధమవుతుంది. ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. వారసులు కావాలనుకుంటే తమ పేరున కొత్తగా అర్జీ పెట్టుకోవాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఈ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు, తుపాకీ బీరువాలోనే ఉండిపోతుంది, ఎవరో ఒక పిల్లవాడికి దొరుకుతుంది. కాబట్టి పెట్టె బిగించిన రోజునే ఇంట్లో బాధ్యత తీసుకోగల ఒకరిని కూర్చోబెట్టి, లైసెన్సు పుస్తకం ఎక్కడుందో, ఏ స్టేషన్‌కి వెళ్లాలో, తాము దాన్ని ముట్టుకోకుండా ఎవరిని పిలవాలో చెప్పి, అవన్నీ ఒక కాగితం మీద రాసి వాళ్ల చేతికివ్వాలి.