పరబ్రహ్మం కుళ్లిపోతే

అన్నం పరబ్రహ్మ స్వరూపమని తెలుగు ఇళ్లలో పిల్లలు మాటలు నేర్చే వయసులోనే వింటారు. కింద పడ్డ మెతుకును తొక్కనివ్వరు. పొరపాటున కాలు తగిలితే కళ్లకద్దుకోమంటారు. సికింద్రాబాద్ బోయినపల్లిలోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కూరగాయల మార్కెట్‌లో ఆ మాటకు రోజూ పరీక్షే. తెల్లవారకముందే లారీలు దిగుతాయి. తూకాలు, బేరాలు, హమాలీల కేకలు. అమ్మకాలు ముగిసేసరికి కాలీఫ్లవర్ ఆకులు, క్యాబేజీ పైపొరలు, చితికిన టమాటాలు, ముదిరిన బెండకాయలు కాళ్లకింద నలిగిపోతాయి. పొద్దున తలకెత్తుకున్న సరుకే మధ్యాహ్నానికి ముక్కు మూసుకునేలా చేస్తుంది. ఈలోగా అందులోని దైవత్వం ఏమైనట్టు?

ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చేది తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి. బ్రహ్మమంటే ఏమిటో చెప్పమని భృగువు తండ్రి వరుణుడిని అడుగుతాడు. తపస్సు చేసి తెలుసుకోమంటాడు తండ్రి. భృగువుకు మొదట తెలిసింది అన్నమే బ్రహ్మమని. అక్కడి నుంచి ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి ఆనందం దాకా వెళ్తాడు. ఆనందాన్ని అందుకున్నాక అన్నాన్ని కింది మెట్టని వదిలేయవచ్చు కదా! ఉపనిషత్తు అలా వదలదు. వెనక్కి తిరిగి వచ్చి, అన్నాన్ని నిందించకూడదని, కాదని తోసివేయకూడదని, సమృద్ధిగా పెంచాలని వ్రతాలు విధిస్తుంది. ప్రాణులు అన్నం నుంచే పుట్టి, అన్నంతోనే బతికి, పోయేటప్పుడు అన్నంలోకే చేరతాయని కూడా చెబుతుంది.

ఆ మాటను నిజంగా నమ్మితే కుళ్లడాన్ని అశుద్ధమని అనలేం. మనిషి తినని కాయను సూక్ష్మజీవి తింటుంది. అన్నం ఇంకొకరికి అన్నమవుతుంది, అంతే.

బోయినపల్లిలో ఆ తినే పని ఒక బయోగ్యాస్ ప్లాంటులో జరుగుతోంది. హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతి అది. మార్కెట్ చెత్తను బెల్టు మీద పంపి, ముక్కలు చేసి, మెత్తగా రుబ్బి, గాలి చొరబడని ట్యాంకుల్లోకి పంపుతారు. అక్కడ కొన్ని సూక్ష్మజీవులు గుజ్జును ఆమ్లాలుగా విడగొడితే, మరికొన్ని వాటిని మీథేన్‌గా మారుస్తాయి. 10 టన్నుల చెత్త నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల ఇంధనం వస్తాయి. కరెంటుతో మార్కెట్ దీపాలు వెలుగుతాయి, గ్యాసు క్యాంటీన్ పొయ్యికి చేరుతుంది. మిగిలిన గుజ్జు ఎరువు. 2021 జనవరి చివర్లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ప్రస్తావించాక ఈ మార్కెట్ పేరు దేశమంతా వినిపించింది.

ఇదే చెత్త ఊరి బయట డంపింగ్ యార్డులో గుట్టగా పడితే? అక్కడా గాలి ఆడదు, అక్కడా మీథేన్ పుడుతుంది. కాకపోతే దాన్ని పట్టి ఉంచే ట్యాంకు ఉండదు కాబట్టి ఆకాశంలో కలుస్తుంది. నూరేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కన్నా పాతిక రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలోని ఇళ్లు, హోటళ్లు, దుకాణాలు కలిసి పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. పళ్లెంలో మెతుకు మిగల్చకుండా తినడం మంచి అలవాటే. కానీ పళ్లెం దాకా రాని అన్నం ఎటు పోతోందో అడగని భక్తి సగం భక్తే.

ఆవు పొట్టలో జరిగేదీ దాదాపు ఆ బయోగ్యాస్ ట్యాంకులో జరిగే పనే. మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులు దాని మొదటి జీర్ణకోశంలోనూ ఉంటాయి. ఆ ఆవును పూజించే చేతులే మిగిలిన అన్నాన్ని పాలిథిన్ సంచిలో ముడివేసి వీధిలో పారేస్తున్నాయి. ఆవు సంచితో సహా మింగుతుంది. పశువుల కడుపుల్లో పేరుకుపోతున్న ప్లాస్టిక్‌ను చూసి, పుట్టపర్తిలోని కరుణా సొసైటీ 2012లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది. గోవూ పవిత్రం, అన్నమూ పవిత్రం. రెండింటి మధ్య ముడిపడ్డ సంచి మాత్రం ఎవరి ధర్మచింతనలోకీ రాలేదు.

ఇంతకన్నా బరువైన ప్రశ్న ఇంకొకటి ఉంది. బయోగ్యాస్ ట్యాంకులోకి గోనె దారం, రబ్బరు బ్యాండు, ప్లాస్టిక్ కవరు వెళ్లకూడదు. వాటిని ఎవరో ఒకరు చేత్తో ఏరాలి. అన్నం చివరిదాకా పవిత్రమే అయితే, దాని చివరి దశను ముట్టుకున్న మనిషి మైలపడ్డవాడెలా అయ్యాడు? మార్కెట్‌కు ఎవరి పేరు పెట్టారో ఆయనే ఈ ప్రశ్నను అందరికన్నా పదునుగా అడిగారు. కులం పనిని పంచి ఊరుకోలేదని, పనిచేసే మనుషులనే మెట్లుగా విడగొట్టిందని అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో వాదించారు. పారిశుద్ధ్య పనిని పుణ్యకార్యమని గాంధీ కొనియాడటాన్ని కూడా ఆయన ఒప్పుకోలేదు. గాంధీ స్వయంగా చీపురు పట్టిన మనిషే, ఆ నిజాయితీని శంకించనక్కర్లేదు. అయినా ఇక్కడ అంబేడ్కర్ మాటే నిలుస్తుంది. పుట్టుకతో నెత్తిన పడ్డ పనిని పొగిడితే, దాన్ని వదిలే దారి ఇంకా ఇరుకవుతుంది.

ఆ దారి తెరవడానికి బౌద్ధంలో పాత ఉదాహరణ ఒకటుంది. వాడిన పూలు ఎత్తిపోసే సునీతుడు బుద్ధుడిని చూసి, దగ్గరికి వెళ్లి నమస్కరించి, పక్కన నిలబడ్డాడని థేరగాథలు చెబుతాయి. బుద్ధుడు అతని పనిని పొగిడి అక్కడే ఉండమనలేదు, సంఘంలోకి చేర్చుకున్నాడు. చెత్తకుప్పల్లో దొరికిన గుడ్డలను కుట్టి కట్టుకోవడం ఆ భిక్షువుల ఆచారాల్లో ఒకటి. పారేసినదాన్ని ముట్టుకోవడం అక్కడ అందరికీ చెందింది.

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్తను వేరుచేసే బాధ్యతను దాన్ని పుట్టించినవారి మీదే పెట్టాయి. వీధిలో బండి పెట్టుకున్న వ్యాపారికీ మినహాయింపు ఇవ్వలేదు. దీన్ని మున్సిపాలిటీ రూలుగా చూసి జరిమానా పడే రోజున మాత్రమే గుర్తుచేసుకుంటున్నారు. నిజానికి భృగువల్లి విధించిన వ్రతాలతో కలిపి చదవాల్సిన నియమం ఇది. కమీషన్ ఏజెంటు తన కొట్టు ముందే దారాన్ని, కవరును ఆకుల నుంచి విడదీయిస్తే బెల్టు దగ్గర నిలబడే కార్మికురాలికి కుళ్లులో చేతులు పెట్టి ఏరాల్సిన పని చాలావరకు తగ్గుతుంది. మిగిలిన కాస్త పనికి చేతులకు గ్లవుజులు, కాళ్లకు బూట్లు, నెలనెలా సక్రమంగా జీతం ఇవ్వడం మార్కెట్ కమిటీల చేతిలోనే ఉంది.