ఆగిపోయిన లారీకి మనం బాకీ ఉన్నామా?

పనిచేయడం మానేసిన వస్తువు పట్ల మనకేమైనా బాధ్యత ఉంటుందా? మనుషుల విషయంలో ఈ ప్రశ్న అడగడమే తప్పు. వస్తువుల దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండు మాటలు వినబడతాయి. ఒకటి, "పాత ఇనుముకి వేసెయ్యి." రెండోది, "ఇన్నేళ్ళు అన్నం పెట్టింది కదా." రెండూ నిజమే కాబట్టి వాదన తేలదు. మా కుటుంబంలో ఈ వాదన ఒక లారీ చుట్టూ ఏడాది నడిచింది.

కృష్ణా జిల్లా గూడూరులో, బందరు రోడ్డుకి కాస్త లోపలగా, మా పెదనాన్న టాటా 1210 ఎనిమిదేళ్ళుగా కదలకుండా పడి ఉంది. కోతల రోజుల్లో గుడివాడ మిల్లులకి ధాన్యం, మిగతా రోజుల్లో ఇటుక, ఇసుక తోలిన బండి. మోకాళ్ళు సహకరించక ఆయన నడపడం మానేశాడు. సముద్రం దగ్గర ఊళ్ళలో ఇనుము ఊరికే ఉండదు, ఉప్పుగాలి తింటూనే ఉంటుంది. అన్నయ్య కూతురికి కాలేజీ ఫీజు కట్టాలి. బండి అమ్మేద్దామన్నాడు. పెదనాన్నది ఒకటే మాట: "ఒక్కసారి స్టార్ట్ చేయించండ్రా. తర్వాత మీ ఇష్టం."

డీజిల్ ఇంజనుకి స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్లో గాలిని 15 నుంచి 20 రెట్లు బిగించి నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అంటే దానికి కావలసినవి మూడే: గాలి, బిగువు, సమయానికి పడే చుక్క. ఎనిమిదేళ్ళు ఆగితే మూడూ అనుమానమే. మెకానిక్ వచ్చి తాళం జోలికే పోలేదు. ట్యాంకు కింద చేరిన నీళ్ళూ జిగురూ దింపాడు. ఫిల్టర్లు మార్చాడు. నాజిల్స్ విప్పి ఆ కన్నాల్లోంచి ఆయిల్ పోసి, రెండు రోజులు నానబెట్టి, ఇంజన్ని చేత్తో తిప్పి చూశాడు. పైపుల్లో గాలి తీశాడు. ఇంత చేశాక ఒక చెక్క పలక తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. ఎందుకని అడిగాను.

"పంపు లోపల పట్టేసి ఉంటే డీజిల్ ఆగదండీ. స్టాప్ లాగినా వినదు. స్పీడు పెరిగి పెరిగి పగిలిపోద్ది. అప్పుడు గాలి పీల్చే గొట్టానికి పలక అడ్డం పెట్టాలి. ముందు ఆపే దారి చూసుకుని, తర్వాత సెల్ఫ్ కొట్టాలి."

దేన్నైనా తిరిగి బతికిద్దామనేవాళ్ళు ఈ పలక సంగతి ఆలోచించాలి. లేపిన తర్వాత దాని బాధ్యత ఎవరిది? రోడ్డెక్కాలంటే ఎఫ్‌సీ కావాలి, ఇన్సూరెన్స్ కావాలి. 2021 ఆగస్టులో కేంద్రం వాహనాల తుక్కు విధానం ప్రకటించాక పాత బండికి దారి ఇంకా ఇరుకైంది. ఆ నల్లటి పొగ పీల్చేది స్కూలుకెళ్ళే పిల్లలు. నా కృతజ్ఞత ఖర్చు వాళ్ళ ఊపిరితిత్తుల మీద వెయ్యడానికి నాకు హక్కు లేదు.

ఇదే జిల్లాలో ఘంటసాల బౌద్ధ క్షేత్రం ఉంది కాబట్టి నాగసేనుడు గుర్తుకు రావడం సహజం. మిలిందపన్హలో ఆయన మిలిందరాజుని అడుగుతాడు: రథమంటే ఇరుసా? చక్రాలా? ఏదీ కాదు, అన్నీ కూడినప్పుడు వాడుకలో పెట్టుకున్న పేరు. మా లారీ ఇక్కడ చిక్కు తెచ్చిపెట్టింది. ఎనిమిదేళ్ళూ భాగాలన్నీ కూడే ఉన్నాయి. అయినా అది లారీయేనా? అరిస్టాటిల్ ఆత్మ గురించి రాస్తూ గొడ్డలి ఉదాహరణ తెస్తాడు: నరికే గుణమే దానికి ఆత్మ అనుకుంటే, అది పోయాక మిగిలేది పేరుకే గొడ్డలి. ఆ లెక్కన లోడు, డ్రైవరు, వెళ్ళాల్సిన మిల్లు లేని మా బండి ఇంజను తిరిగినా పేరుకే లారీ.

మరి డబ్బు పెట్టి స్టార్ట్ చేయించడం దేనికి? అన్నయ్య అభ్యంతరం బలమైనదే. ఆ ఖర్చు పిల్ల ఫీజులోంచి పోయినట్టే. నేను ఇచ్చిన జవాబు ఇది: "ఇది పనిచేయదు" అని అమ్మడం వేరు, "దీని పని అయిపోయింది" అని అమ్మడం వేరు. మొదటిది పరీక్షించకుండా ఇచ్చిన తీర్పు. మా సాఫ్ట్‌వేర్‌లో కూడా పాత ప్రోగ్రాముల్ని ఎవరూ చదవకుండానే చెత్త అంటుంటారు. రాసినవాడు పక్క సీట్లోనే ఉంటాడు, వింటుంటాడు. వస్తువుకి అవమానం తెలియదు. దానితో పాతికేళ్ళు గడిపిన మనిషికి తెలుస్తుంది.

మూడో ప్రయత్నానికి ఇంజను అందుకుంది. పలక అవసరం పడలేదు. పెదనాన్న కాసేపు విని, "బండి బాగానే ఉంది, ఆగింది నేనే," అన్నాడు. అమ్మెయ్యమని చెప్పింది కూడా ఆయనే. ఇంజన్ని చేపల చెరువుల దగ్గర నీళ్ళు తోడడానికి ఒకాయన కొన్నాడు, మిగతాది తుక్కుకి పోయింది. తిరిగే ఇంజను కాబట్టి వచ్చిన అదనపు ధర మెకానిక్ ఖర్చుకి సరిపోయింది, మిగిలిందేమీ లేదు. అన్నయ్య ఇప్పటికీ అది వృథా శ్రమే అంటాడు.

నాకు అలా అనిపించదు. బాకీ లారీకి కాదు, దాని మీద పడిన శ్రమకి. ఆ శ్రమని అడిగి, విని, ఆ తర్వాత నిర్ణయించుకుంటే చాలు. ఎప్పటికీ ఉంచుకోవాలన్న నియమమేం లేదు. అడగకుండా కాటా మీదికి ఎక్కించకూడదన్నదే నేను చెప్పేది. రిటైరైన మనిషి విషయంలోనూ, వాడుక తగ్గిన పంట కాలవ విషయంలోనూ ఆ మాత్రం ఓపిక పట్టగలం.