తోకకి కూడా గుర్రం ధరే

గుర్రం ధరని ఏది నిర్ణయిస్తుంది? వయసు, పళ్ళు, కాళ్ళు, జాతి, ఎంతవరకు మాలిమి అయింది. కొనేవాళ్ళు చూసుకునేవి ఇవే. అయితే మా చిత్తూరు సీమ చరిత్రలో ఇవేవీ చూడకుండా కొన్న మనిషి ఒకడున్నాడు. చంద్రగిరి నుంచి వెళ్ళి 1485లో విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహుడు. హోర్ముజ్, ఏడెన్‌ల నుంచి గుర్రాలు తెప్పించుకుని, వెయ్యి పర్దావులకి మూడు చొప్పున, బతికున్నా చచ్చినా కొనేవాడని పోర్చుగీసు వాడు న్యూనిజ్ తర్వాతి రోజుల్లో రాశాడు. సముద్రం మీద చచ్చిపోతే తోక తెచ్చి చూపిస్తే చాలట. పూర్తి ధర ఇచ్చేసేవాడట.

చదవగానే నవ్వొస్తుంది. కానీ రాజు కొన్నది తోకని కాదు, ఆ వర్తకుడు వచ్చే ఏడు మళ్ళీ ఓడెక్కుతాడన్న భరోసాని. శత్రువుకి గుర్రపు దళం ఉంది, తనకి చాలినన్ని గుర్రాలు లేవు. ఆ ధర గుర్రం ఒంట్లో లేదు, రాజు భయంలో ఉంది.

ఇప్పుడు మా పుంగనూరు ఆవుని చూడండి. ఎత్తు మూడడుగులు. పాలు కొంచెమే, వెన్న ఎక్కువ. కొద్దిపాటి మేతతో కరువుని తట్టుకుంటుంది. సంకరజాతి ఆవులొచ్చి అందరూ లీటర్లు లెక్కపెట్టడం మొదలయ్యాక దీన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. పలమనేరు పరిశోధన కేంద్రంలోనూ, కొందరి దొడ్లలోనూ మిగిలింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో వీటికి మేత పెట్టిన ఫోటోలు దేశమంతా చూసింది. ఇవాళ ధర లక్షల్లో మాట. అదే ఆవు, అవే పాలు. మారింది కొనేవాడి కోరిక.

ధర వచ్చింది కాబట్టే జాతి బతుకుతోంది కదా అనొచ్చు. నిజమే, ఆ మాట కొట్టిపారేయలేను. కానీ ధర ఊరికే కాపాడదు, తనకి కావాల్సినట్టు చెక్కుతుంది కూడా. పొట్టిదైతే ఎక్కువ డబ్బు అన్నప్పుడు, పొట్టిదానికి పొట్టిదాన్నే జతచేస్తారు. మెట్టపొలం కొలతకి తయారైన ఒళ్ళు మెల్లగా డ్రాయింగు రూము కొలతకి వస్తుంది.

బదులు పెట్టుకోగలిగినదానికి ధర ఉంటుంది, బదులు లేనిదానికి గౌరవం ఉంటుంది అని 1785లో కాంట్ అన్నాడు. జంతువుల్ని ఆయన ధర వైపే ఉంచాడు. నరసింహుడి తోక లెక్క అచ్చంగా అదే: ఈ గుర్రం కాకపోతే ఇంకోటి. వర్తకుడికి నష్టం లేదు, రాజుకి గుర్రాలు ఆగవు. చచ్చినా అంతే డబ్బొస్తుంటే, ఓడలో దానికి ఇంకో కుండ నీళ్ళు పెట్టడానికి ఎవరికి మాత్రం కారణం ఉంటుంది?

మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయి టమోటాలు రోడ్డు పక్కన పారబోసిన రైతుకి తోక ధర ఇచ్చే రాజు లేడు. ఎవరూ అడగని ఏళ్ళలో పొట్టి ఆవుని మేపిన ఇంటికీ ఎవరూ ఇవ్వలేదు. నష్టాన్ని పంచుకోవడం ధరకి ఉండాల్సిన మొదటి న్యాయం అనుకుంటాను. ఆ విషయంలో నరసింహుడు మనకంటే మెరుగు. రెండో న్యాయం ఆయనకీ తట్టలేదు: ఆ డబ్బు ప్రాణాన్ని నిలబెట్టినందుకు ఇవ్వాలి, తోక తెచ్చినందుకు కాదు.