దీపంలో నూనె ఎప్పుడు పోయాలి?

లూకా సువిశేషం 15వ అధ్యాయంలో ప్రభువు వరుసగా మూడు ఉపమానాలు చెప్పారు. తప్పిపోయిన గొర్రె, పోయిన నాణెం, ఇల్లు విడిచి వెళ్ళిన కుమారుడు. గొర్రెను గురించి, కుమారుని గురించి దేవాలయంలో ఎన్నో ప్రసంగాలు విన్నాం. మధ్యలో ఉన్న ఇల్లాలిని గురించి తక్కువగా వింటాం. పది నాణెములలో ఒకటి పోతే ఆమె దీపం వెలిగించి, ఇల్లంతా ఊడ్చి, దొరికేదాకా వెదికింది. ఇందులో ఒక చిన్న సంగతి గమనించండి. నాణెం పోయాక ఆమె దీపం కొనడానికి అంగడికి పోలేదు. దీపం ఇంట్లోనే ఉంది, అందులో నూనె ఉంది, వత్తి ఉంది. ఏది పోతుందో, అసలు ఏదైనా పోతుందో లేదో తెలియని రోజుల్లోనే ఆ నూనె తెచ్చిపెట్టుకున్నదన్నమాట.

తప్పిపోయినవారిని వెదకడం మంచి పని అంటే కాదనేవారు ఉండరు. కాని ఆ వెదుకులాటకు అయ్యే ఖర్చు ఎవరు భరించాలి? ఎప్పుడు భరించాలి? మనిషి తప్పిపోయి, అతని పేరూ ఊరూ తెలిశాకనా? లేక ఎవరు తప్పిపోతారో ఎవరికీ తెలియకముందేనా? పైకి చూస్తే ఇది లెక్కల ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి ఇది ప్రేమను గురించిన ప్రశ్న.

దీనికి జవాబు చెప్పుకున్న కొందరు దూరదేశపు జనాన్ని ముందు చూద్దాం. ఇంగ్లాండుకూ ఫ్రాన్సుకూ మధ్య ఉన్న సముద్రంలో గెర్న్‌సీ, జెర్సీ, ఆల్డర్నీ, సార్క్ అనే చిన్న ద్వీపాలున్నాయి. వీటిని ఛానెల్ ద్వీపాలంటారు. అక్కడ ఆటుపోట్లు చాలా తీవ్రం. జెర్సీ తీరంలో పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టం 12 మీటర్ల దాకా మారుతుంది. అది మన పట్టణాల్లోని నాలుగంతస్తుల మేడ ఎత్తు. నీటి కింద బండలు, నీటి మీద పొగమంచు. పడవలో నుంచి చూస్తే అలల మధ్య మనిషి తల కనబడదు. ఆకాశం నుంచి చూస్తే కనబడే అవకాశం ఉంది. అందుకని 1980లో అక్కడ ‘ఛానెల్ ఐలాండ్స్ ఎయిర్ సెర్చ్’ అనే సేవాసంస్థ మొదలైంది. దాని దగ్గర రెండు ఇంజన్ల చిన్న విమానం, ఒంటి వేడిని బట్టి మనిషిని పసిగట్టే కెమెరా, నీళ్ళలో ఉన్నవారికి పైనుంచి జారవిడిచే తెప్పలు ఉండేవి. అందులో ఎగిరేవారు స్వచ్ఛంద సేవకులు. తమ ఉద్యోగాలు తాము చేసుకుంటూ, పిలుపు రాగానే విమానాశ్రయానికి పరుగెత్తేవారు. విమానం ఎక్కలేనివారు దాని కోసం చందాలు పోగుచేసేవారు.

2013 నవంబరు 3న ఆ విమానమే ఆపదలో పడింది. వెదుకులాటకు బయలుదేరి, ఇంజన్లు ఆగిపోయి, జెర్సీలో నేలకు దిగి పాడైపోయింది. అందులోని ఐదుగురూ ప్రాణాలతో బయటపడ్డారు. ఇక చాలులే అని ఆ జనం అనుకోలేదు. చందాలు పోగుచేసి మరో విమానాన్ని సమకూర్చుకున్నారు.

అలా చందా వేసే మనిషి మనసును ఆలోచించండి. తాను ఇచ్చిన డబ్బు ఎవరి కోసం ఖర్చవుతుందో అతనికి తెలియదు. తన తమ్ముని కోసం కావచ్చు. తనతో గట్టు తగాదా పెట్టుకున్న పొరుగువాని కోసం కావచ్చు. ఆ దారిన పోతున్న పరదేశపు నావికుని కోసం కావచ్చు. ఆ ఏడాది ఎవరికీ అవసరమే రాకపోవచ్చు. ఆపద రాకముందు ఇచ్చిన దానానికి ముఖం కనబడదు. అందుకే అది పక్షపాతం ఎరుగదు.

ఆపద వచ్చాక ఇచ్చే దానం అలా కాదు. దానికి పేరు కావాలి, ఫోటో కావాలి. 2019 జనవరి 21 రాత్రి అదే సముద్రం మీద ఒక చిన్న విమానం మాయమైంది. అందులో అర్జెంటీనాకు చెందిన ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా, పైలట్ ఉన్నారు. ఈ ద్వీపాల విమానమూ వెదికింది. జనవరి 24న అధికారులు గాలింపు ఆపివేశారు. అప్పుడు ఆటగాని కుటుంబం మొరపెట్టుకోగా లోకం నలుమూలల నుంచి కొద్ది రోజుల్లోనే మూడు లక్షల యూరోలకు పైగా పోగయ్యాయి. ఆ సొమ్ముతో వెదికినవారికి ఫిబ్రవరి 3న సముద్రం అడుగున విమానం కనబడింది. సాలా దేహం దొరికింది. పైలట్ దేహం దొరకలేదు. ఆ చందాలు వేసినవారిని తప్పు పట్టలేం. కన్నీటిని చూసి జేబులో చెయ్యి పెట్టడం మంచి గుణమే. కాని అదే రాత్రి ఒక పేరులేని జాలరి మునిగిపోయి ఉంటే అతని కోసం మూడు లక్షలు పోగయ్యేవా? ఆ జాలరికి దిక్కు ఆపద రాకముందు వేసిన చందా ఒక్కటే.

ఇదంతా ఎక్కడో సముద్రం మధ్య సంగతి అనుకోవద్దు. మన నల్లమల మీద కూడా విమానాలు మనుషుల కోసం వెదికిన రోజు ఉంది. 2009 సెప్టెంబరు 2 ఉదయం బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టరు ఆ అడవి మీద జాడ తెలియకుండా పోయింది. వాయుసేన హెలికాప్టర్లు, సుఖోయ్ యుద్ధవిమానం, ఇస్రో ఉపగ్రహం, పోలీసు బలగాలు అన్నీ గాలింపుకు దిగాయి. మరునాడు ఉదయం కర్నూలు జిల్లా పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. అందులోని ఐదుగురూ మరణించారు. రాష్ట్రాన్ని నడిపే మనిషి కోసం రాజ్యం తన బలమంతా వినియోగించడంలో తప్పు లేదు.

అంతకు రెండేళ్ళ ముందు, 2007 జనవరిలో, అదే నల్లమల అంచున కొల్లాపూర్ మండలం మంచాలకట్ట దగ్గర కృష్ణలో కిక్కిరిసిన పడవ ఒకటి మునిగింది. 60 మంది దాకా చనిపోయారు. 2009లో చనిపోయిన ముఖ్యమంత్రి గారి పేరు మన పిల్లలకు కూడా తెలుసు. 2007లో మునిగిన వారిలో ఒక్కరి పేరైనా మనలో ఎంతమంది చెప్పగలం? నిందించడానికి ఈ మాట అనడం లేదు. మనిషి మనసు పేరున్నవారి వైపే మొగ్గుతుందని ఒప్పుకోవడానికి అంటున్నాను. అటువంటి మనసు గల మనం, పేరులేని వారికి న్యాయం జరగాలంటే, వారి పేర్లు తెలియకముందే ఏర్పాటు చేసి ఉంచాలి.

“అది ప్రభుత్వం పని కదా, మనమెందుకు?” అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. అవును, అది ప్రభుత్వం పనే. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు. ఆ సొరంగం తవ్వుతున్నది మన నల్లగొండ భూములకు కృష్ణా నీళ్ళు తేవడానికి. చిక్కుకున్నవారు ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కాశ్మీర్‌ల నుండి బతుకుతెరువుకు వచ్చినవారు. వారి కోసం సైన్యం, నౌకాదళం, జాతీయ విపత్తు దళం, సింగరేణి గనుల రక్షణ బృందాలు వచ్చాయి. కేరళ నుంచి పోలీసు జాగిలాలు వచ్చాయి. బురదలో, ఊట నీటిలో, ఎప్పుడు కూలుతుందో తెలియని కప్పు కింద రెండు నెలల దాకా వెదికారు. రెండు దేహాలు దొరికాయి. చివరి కొన్ని మీటర్లలోకి పోతే వెదికేవారి ప్రాణాలకే ముప్పు అని ఏప్రిల్‌లో పని ఆపవలసి వచ్చింది. పేదవాడి కోసం ఎవరూ వెదకరు అనే మాట నిజం కాదని ఈ సంఘటన చెబుతుంది. మరి ఆ బృందాలు ఎక్కడి నుంచి వచ్చాయి? సొరంగం కూలాక పుట్టినవి కావు. ముందే శిక్షణ పొంది, ముందే జీతం అందుకుని, సిద్ధంగా ఉన్నవి. మనం కట్టే పన్ను కూడా ముందే పోసిన నూనెయే. దాన్ని ఎగవేసి ప్రభుత్వాన్ని నిందించడం సరికాదు.

అయినా ప్రభుత్వం చెయ్యి ఎంత పొడుగైనా, మునిగిపోయే మనిషికి ఉండేది కొద్ది నిమిషాలు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి 9 మంది ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్నారు. వాన వల్ల హెలికాప్టరు రాలేకపోయింది. చివరికి ఒక జె.సి.బి. డ్రైవరు తన బండి తీసుకుని ఆ ప్రవాహంలోకి వెళ్ళి వారిని ఒడ్డుకు చేర్చాడు. గద్వాల దగ్గర కృష్ణ రెండు పాయల మధ్య ఉన్న గుర్రంగడ్డ ఊరివారిని అడగండి. ఏళ్ళ తరబడి పుట్టి, మరబోటు తప్ప వారికి వేరే దారి లేదు. జూరాల గేట్లు ఎత్తి వరద వచ్చినప్పుడు పుట్టి నడిపే మనిషి ధైర్యం మీదే ఆ ద్వీపం బతుకు ఆధారపడింది. మొదటి గంటలో వచ్చేవాడు పొరుగువాడే. సమరీయుడు కూడా అధికారి కాడు, ఆ దారిన పోతున్నవాడు.

“మన దగ్గర పిల్లల ఫీజులకే డబ్బు లేదు, జరుగుతుందో లేదో తెలియని దానికి ఎక్కడ తెచ్చేది?” అని ఇంకొకరు అడుగుతారు. చేను కాపలావాడు ఆ ఏడాది పందులు రాలేదని జీతం దండుగ అనుకుంటామా? ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు అని మన పెద్దలు ఊరికే అనలేదు. మనల్ని విమానం కొనమని ఎవరూ అడగడం లేదు. ఇక్కడ కావలసినవి ఒక పొడవైన తాడు, గాలి నింపిన లారీ ట్యూబులు, నాలుగు లైఫ్ జాకెట్లు, మంచి టార్చి లైటు.

ఇంకొకటి కూడా కావాలి. చెరువులోనో కాలువలోనో ఎవరైనా మునిగితే ముందు కబురు పోయేది మత్స్యకారులకు, ఈతగాళ్ళకు. వారు ఆ రోజు కూలి వదులుకుని, చలిలో, తూటికాడ నాచులో దిగి వెదుకుతారు. చాలా చోట్ల వారికి ఏదైనా ఇచ్చేది బిడ్డను పోగొట్టుకున్న కుటుంబమే. ఉన్నవాళ్ళు ఇస్తారు. లేనివాళ్ళు గట్టు మీద ఏడుస్తూనే ఎవరి దగ్గర అప్పు దొరుకుతుందా అని చూస్తారు. బిడ్డ దేహం కోసం తల్లి బేరం ఆడవలసి రావడం కన్నా అవమానం ఏముంది? ఈతగాడిని తప్పు పట్టలేం, అతనికీ పిల్లలున్నారు. తప్పు ముందే ఏర్పాటు చేసుకోని ఊరందరిదీ. మృతులను భూస్థాపితం చేయడం కరుణా కార్యాలలో ఒకటని జ్ఞానోపదేశంలో మనం నేర్చుకున్నాం. తోబితు తన భోజనం వదిలి లేచి వెళ్ళి వీధిలో పడి ఉన్న దేహాన్ని తెచ్చాడు. దేహం దొరికితేనే కదా భూస్థాపితం చేసేది.

ఇక ఒక జాగ్రత్త. ప్రేమ ఉందని ఈత రానివాడిని నీళ్ళలోకి దింపడం ప్రేమ కాదు. జెర్సీలో పడిపోయిన విమానం, దోమలపెంటలో ఆగిన పని మనకు నేర్పేది అదే. వెదికేవాని ప్రాణం కూడా దేవుడిచ్చిందే. అందుకే డబ్బుతో పాటు శిక్షణ కావాలి. వరదల్లో సాయపడడానికి గ్రామ వాలంటీర్లకు శిక్షణ ఇచ్చే ‘ఆపద మిత్ర’ అనే పథకాన్ని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ప్రారంభించింది. మన యువతీ యువకులు అటువంటి శిక్షణ ఎక్కడ దొరికినా వదులుకోకూడదు. తాడు ఎలా విసరాలో, నీళ్ళు మింగినవారికి ఊపిరి ఎలా అందించాలో ఒక్క పూటలో నేర్చుకోవచ్చు.

ప్రతి విచారణలోనూ మరియదళం ఉంది, యువజన సంఘం ఉంది, స్త్రీల సంఘం ఉంది. తపస్సు కాలంలో ఒక పూట భోజనం మాని మిగిల్చిన సొమ్మును కానుకగా ఇస్తున్నాం. అందులో కొంత భాగాన్ని ఊరిలోని ఇతర మతాల పెద్దలను కూడా కలుపుకుని ఒక నిధిగా ఉంచవచ్చు. నీటిలో దిగే ఈతగాడికి ఆ రోజు కూలి ఆ నిధి నుంచి ఇవ్వాలి. మునిగినవాడు ఏ కులమో, ఏ మతమో, తాగి పడ్డాడా జారి పడ్డాడా అని అడగకూడదు. లెక్క రాసి ప్రతి ఏటా అందరి ముందు చదవాలి. ఒక ఏడాది పైసా ఖర్చు కాకపోతే, ఆ ఏడాది ఊరిలో ఎవరూ మునగలేదని దేవునికి కృతజ్ఞత చెప్పి, నిధిని అలాగే ఉంచాలి.

వేసవి సెలవులు వస్తే పిల్లలు బావులకు, చెరువులకు ఈతకు పోతారు. వారిని ఆపడం కష్టం. ఈ ఆదివారం దివ్యపూజ తరువాత ఇంటికి వెళ్ళే ముందు ఒకరినొకరు ఒక్క మాట అడగండి. మన చెరువు కట్ట మీద తాడు ఉందా? ఉంటే అది ఎవరి ఇంట్లో ఉంది? అర్ధరాత్రి వెళ్ళి తలుపు తడితే ఎవరు లేస్తారు?