గృహవిద్యకు గురువెవరు?

ఇల్లు నడపుట విద్యయా, అలవాటా? విద్యయే యైనచో దానిని ఇంటిగడప వెలుపల నేర్వవచ్చునా? నేర్చినవారికి దానిని ఒరులకు నేర్పు అధికారము ఎచ్చటినుండి వచ్చును? ఈ ప్రశ్నలు మాకు పుస్తకములలో దొరకినవి కావు. గడచిన వేసవి సెలవులలో మా పూర్వవిద్యార్థిని యొకతె తండ్రితోగూడ మా యింటికి వచ్చి వీనిని మా ముందు పెట్టినది.

ఆ యమ్మాయి ఇంటరు పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొన్నది. గృహవిజ్ఞానమున పట్టము పుచ్చుకొని, పిదప బి.ఎడ్. చదివి, ఆ విద్యకే ఉపాధ్యాయిని కావలెనని ఆమె కోరిక. తండ్రి సేద్యము చేయువాడు, మంచివాడు. ఆయన నవ్వుచు, "మాస్టారూ! అన్నం వండటమూ, ఇల్లు ఊడవటమూ వాళ్లమ్మ నేర్పలేదూ? దానికి ఐదేళ్లు ఫీజులు కట్టాలా? మీరైనా చెప్పండి" అనెను. అప్పుడక్కడనే యున్న మా సహోపాధ్యాయురాలు వేరొక దారిని వచ్చి అదే తీర్పు చెప్పినది. "ఆడపిల్లను వంటయింటినుండి వెలికి తెచ్చుటకు నూరేండ్లు పట్టినది. చదువు పేరిట దానిని మరల అచ్చటికే పంపుదురా?" అని ఆమె యడిగినది. తండ్రికి ఆ చదువు అనవసరము. ఆమెకు అది అపాయము. అమ్మాయి మాత్రము ఏమియు మాటాడక మా వైపే చూచుచుండెను. "ఆలోచించి చెప్పెద" మని మేము ఆనాడు తప్పించుకొంటిమి. ఆ ఆలోచననే ఇచ్చట చదువరుల ముందుంచుచున్నాము.

మొదట తండ్రి మాట విచారింతము. తల్లి నేర్పును గదా యనుట కొట్టివేయదగిన మాట కాదు. ఆవకాయకు ఉప్పెంత, పసిబిడ్డ ఏడ్పులో ఆకలి ఏది, కడుపునొప్పి ఏది, ఇట్టివి తల్లి చెంత నేర్చినట్లు ఏ కళాశాలలోను నేర్వజాలము. కాని అలవాటునకు ఒక లోపము గలదు. అది తన తప్పును తాను చూచుకొనజాలదు. తరతరములుగా జరుగుచున్నది గనుక సరియైనదే యని అది నమ్మును.

బియ్యము మాటనే తీసికొందము. బియ్యమును నాలుగు నీళ్లు కడుగుట శుచి యని మనవారి నమ్మకము. అన్నము వార్చి గంజి పారబోయుట అనేక గృహములలో వాడుక. దంపుడు బియ్యము పోయి మరబియ్యము వచ్చినపుడు ఇల్లాండ్రు సంతోషించిరి. రోకటిపోటు తప్పినది, అన్నము మల్లెపూవువలె తెల్లనైనది. ఆ తెలుపుకొరకు తీసివేసిన తవుడుతోడనే థయమిను అను విటమిను పోయినదనియు, మిగిలినదానిలో కొంత కడుగునీటితోను, కొంత గంజితోను పోవుచున్నదనియు ఏ తల్లికి తెలియును? మన ఉత్తర సర్కారులలో బెరిబెరి వ్యాధి పలువురను పీడించినది. కాళ్లు తిమ్మిరెక్కుట, నీరు దిగుట, గుండె బలహీనమగుట దాని లక్షణములు. ఆ వ్యాధిని పరిశోధించుటకై 1918లో కూనూరున ఒక్క గదిలో మొదలైన చిన్న శాఖయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. ఉప్పుడు బియ్యము తినువారికి ఈ వ్యాధి అరుదు. వడ్లను నానవేసి ఉడికించునపుడు పైపొరలలోని విటమిను గింజ లోనికి దిగుటయే దానికి కారణమని శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

ఆ యిండ్లలోని తల్లులకు ప్రేమ కొరవడి బిడ్డలకు జబ్బు చేయలేదు. వారు తమకు తెలిసినంతలో మిక్కిలి మేలైన అన్నమునే పెట్టిరి. ఇందలి కారణము ఏ అమ్మమ్మయు తనంతట కనిపెట్టజాలదు. కాని ఏ అమ్మమ్మకైనను పదినిమిషములలో తెలియజెప్పవచ్చును. ఆ పదినిమిషములు చెప్పగలవారు ఊరి కొకరైన ఉండవలయును. అట్లు చెప్పుటకు రసాయనశాస్త్రము, శరీరశాస్త్రము, ఆరోగ్యశాస్త్రము, జమాఖర్చు, శిశుపోషణము అన్నియు కొంత చదివియుండవలయును. అందుకే ఐదేండ్లు. మనదేశమున 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, పదునైదు మొదలు నలువదితొమ్మిది యేండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. తల్లి నేర్పినదే చాలినచో ఈ యంకె యిట్లుండునా? లేమి దీనికి పెద్ద కారణమనుట నిజమే. కాని భోజనముతోడనే తేనీరు త్రాగినచో ఆహారములోని యినుము ఒంటబట్టుట తగ్గుననియు, నిమ్మరసము పిండుకొన్నచో హెచ్చుననియు తెలిసికొనుటకు ధనముతో పనిలేదు గదా!

ఈ విద్యను తక్కువగా చూచువారికి దీని చరిత్ర తెలియదు. ఆర్థికశాస్త్రమునకు ఇంగ్లీషులో గల ఎకనామిక్సు అను పేరు, ఇల్లు, నియమము అను అర్థములు గల రెండు గ్రీకు మాటలనుండి పుట్టినది. దేశపు జమాఖర్చులు చదివినవాడు పండితుడు, ఇంటి జమాఖర్చులు చదివినది పనిలేనిది యనుట ఎంత వింత! ఈ విద్యకు శాస్త్రరూప మిచ్చినవారిలో అగ్రగణ్య ఎలెన్ స్వాలో రిచర్డ్సు అను అమెరికా దేశస్థురాలు. ఆమె 1842లో జన్మించినది. 1873లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున పట్టము పొంది, అచ్చట పట్టభద్రురాలైన మొదటి స్త్రీ యైనది. త్రాగునీటిలోని మాలిన్యమును కొలుచు పరీక్షలలో ఆమె దిట్ట. 1893లో చికాగో ప్రదర్శనమున ఒక వంటశాల నేర్పరచి, వడ్డించిన ఆహారములో ఏ పోషకపదార్థ మెంత గలదో తినువారికి వ్రాసి చూపినది. ఆమె ప్రోద్బలమున 1899 మొదలు లేక్ ప్లాసిడ్ సభలు అను పేర ఏటేట సభలు జరిగి, 1908లో అమెరికా గృహార్థశాస్త్ర సంఘము పుట్టినది. 1917లో అచ్చటి ప్రభుత్వము చట్టము చేసి, ఈ విద్య నేర్పు ఉపాధ్యాయుల శిక్షణకు ధనసహాయ మొసగినది. మనదేశమున అఖిలభారత మహిళాసభ పూనికచే 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కళాశాల వెలసినది. గిన్నెలు తోముట నేర్పుటకా ఇన్ని యేండ్ల ప్రయత్నము? ఇంటిలో జరుగునది లోకముకంట బడని పనియైనను, అందును కార్యకారణ సంబంధము గలదని నిరూపించుటకే యని మా యభిప్రాయము.

ఇక మా సహోపాధ్యాయురాలి యాక్షేపణము. ఇది మొదటిదానికంటె బలమైనది. ఈ విద్యను బాలికలకే కట్టబెట్టినచో ఆమె భయము నిజమే యగును. 1952-53 నాటి మొదలియారు సంఘము బాలికల పాఠశాలలలో గృహవిజ్ఞానమునకు ప్రత్యేక వసతులుండవలె నన్నది. పిదప హంసా మెహతా అధ్యక్షతన కూడిన సంఘమును, దానితో నేకీభవించి 1964-66 నాటి కొఠారీ సంఘమును, బాలురకు బాలికలకు చదువులలో భేదము చూపరాదనియు, గృహవిజ్ఞానము బాలికలకు నిర్బంధము కారాదనియు తీర్మానించినవి. ఈ తీర్మానము న్యాయమైనదే. కాని దీనివలన మిగిలిన దేమి? బాలికకు నిర్బంధము తొలగినది. బాలునికి మాత్రము ఆ విద్య రాలేదు. జపాను దేశమువారు వేరొక త్రోవ త్రొక్కిరి. 1989లో పాఠ్యక్రమమును సవరించి, 1993లో మాధ్యమిక పాఠశాలలందును, 1994లో ఉన్నత పాఠశాలలందును బాలురకు బాలికలకు సమానముగ గృహవిద్యను విధించిరి. మనవారు బాలికను విడిపించిరి. వారు బాలుని కూడ చేర్చిరి. ఈ రెంటిలో రెండవదే పూర్ణమైన సంస్కారమని మాకు తోచుచున్నది.

ఇది విదేశపు మాట యని కొందరందురు. గృహస్థునకు ఐదు హింసాస్థానములు గలవని మనుస్మృతి చెప్పుచున్నది. పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీటికుండ అనునవే అవి. వానివలన కలుగు పాపమును పోగొట్టుకొనుటకు నిత్యము ఐదు యజ్ఞములు చేయుమని గృహస్థునకు విధి. ఆ గ్రంథమున స్త్రీలనుగూర్చి వ్రాసిన పెక్కుమాటలు మే మంగీకరింపము. అయినను ఈ యొక్క చోట ధర్మశాస్త్రకారుడు పొయ్యికి, చీపురునకు బాధ్యుడుగ ఎవరిని నిలిపెనో గమనింపుడు! మన మేమి చేసితిమి? యజ్ఞము పురుషునికి ఉంచి, పొయ్యిని స్త్రీకి అప్పగించితిమి. 2019లో భారతప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వే చెప్పునదేమనగా, ఇంటిపనిలో పాల్గొను స్త్రీ దానిపై దినమునకు సగటున 299 నిమిషములు వెచ్చించుచున్నది. పాల్గొను పురుషుడు 97 నిమిషములు. అసలు పాల్గొను పురుషులే నూటికి 26 మంది.

ఒరులను తప్పుపట్టుటకు ముందు మా సంగతి చెప్పవలయును. మేము ఇరువదియేండ్లుగా కావ్యములలోని గృహస్థధర్మమును పాఠము చెప్పుచున్న వారము. మూడేండ్ల క్రిందట మా గృహిణి విషజ్వరమున మూడువారములు మంచము పట్టినది. ఆమెకు జావ కాచి యిచ్చుట మాకు చేతగాలేదు. రవ్వ ఏ డబ్బాలో నున్నదో, దానికి నీళ్లెన్ని పోయవలయునో జ్వరముతో మూల్గుచున్న ఆమెనే యడుగవలసి వచ్చెను. ఆమె చెప్పినది, మేము మాడ్చితిమి. పదునేనేండ్ల మా కుమారుడు మాకంటె మేలుగాడు. వానికి నేర్పనివారమును మేమే. నలుబదియేండ్లు దాటి, రెండుభాషలు చదివి, రోగికి గ్రుక్కెడు జావ కాచియీయలేని మా చదువును ఏమని చెప్పవలయును? కావున ఆ విద్య స్త్రీని బంధించునా యను ప్రశ్నకు మా సమాధాన మిది: విద్య బంధింపదు, పంచుకొనకపోవుటయే బంధించును.

ఇంతవరకు ఆ విద్య పక్షమున వాదించితిమి. ఇప్పుడు దాని అపాయమును కూడ చెప్పకున్నచో పక్షపాతమగును. ఇల్లు ప్రయోగశాల కాదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున విద్యార్థినులు కొన్నివారములు ఒక అభ్యాసగృహమున కాపురముండి వంతులవారిగ ఇల్లు నడపుచుండిరి. అంతవరకు బాగే. 1920 మొదలు అనాథశాలలనుండి పసిబిడ్డలను తెచ్చి ఆ యింట పెంచిరి. ఒక బిడ్డకు వంతులవారిగ పలువురు తల్లులు. నేడు స్నానము చేయించిన చేయి కొన్నినాళ్లకు మారును. ఈ పద్ధతి అచ్చట 1969 వరకు సాగినది. బిడ్డలు శుభ్రముగ, పుష్టిగ పెరిగిరి. వారిని పెంచుకొనగోరువారును ఉండిరి. అయినను, నేర్చువారి నేర్పుకొరకు ఒక ప్రాణిని సాధనముగ వాడవచ్చునా యను ప్రశ్న నిలిచియే యున్నది. నేర్పువారు దురాశాపరులు కారు. శాస్త్రమునందలి ఉత్సాహమే వారిని ఆ ప్రశ్న నడుగనీయలేదు.

అంత దూరము పోనక్కరలేదు. కొన్నేండ్ల క్రిందట మా పాఠశాలకు శిక్షణార్థము ఒక ఛాత్రోపాధ్యాయిని వచ్చినది. సమతులాహారమునుగూర్చి ఆమె పాఠము. రంగురంగుల పటము వ్రాసికొని వచ్చి, ప్రొద్దుట ఏమి తింటిరో ఒక్కొక్కరు లేచి చెప్పుడని పిల్లల నడిగినది. కూలివారి పిల్ల యొకతె లేచి, "ఇడ్లీలు, పాలు" అని చెప్పినది. ఆ పిల్ల యే దినమున నైనను ప్రొద్దుట ఏమియు తినక వచ్చునని మే మెరుగుదుము. ఉపాధ్యాయిని సంతసించి పటముమీద పాలగ్లాసును చూపినది. వెనుక బల్లపై కూర్చున్న మేము పరిశీలన పుస్తకములో "పాఠము బాగుగ నడచినది" అని వ్రాసితిమి. పోషకాహారము నేర్పు తరగతిలో ఆ పిల్ల నేర్చినది అబద్ధము. ఆ నేరము ఆ ఛాత్రోపాధ్యాయినిది కాదు. ఎరిగియుండియు నోరు మెదపని మాది.

గణితోపాధ్యాయుడు పిల్లవాని లెక్క తప్పన్నచో ఆ లెక్క యొక్కటే తప్పగును. గృహవిజ్ఞానోపాధ్యాయిని "ఇట్లు తినరాదు, ఇట్లుండరాదు" అన్నచో ఆ పిల్ల తల్లి, తండ్రి, గుడిసె, పేదరికము అన్నియు తప్పగును. కావున ఈ శిక్షణలో రసాయనశాస్త్రముకంటె ముందు నేర్వవలసిన దొకటి గలదు. ఒరుల ఇంటిలోనికి ఎట్లు పోవలయునో నేర్వవలయును. మాటవరుసకు బడ్జెట్టు వ్రాయుట కాక, నిజముగ దినకూలితో నలుగురిని పోషించు ఇల్లాలి చెంత కూర్చుండి, ఆమె లెక్క ఎట్లు సరిపుచ్చుచున్నదో శిష్యురాలివలె అడిగి తెలిసికొనవలయును. పాలు లేని యింటికి పాలు చెప్పక, అందుబాటులోనున్న రాగిజావ, పెరటి మునగాకు, పారబోయుచున్న గంజి చూపవలయును. అవియు లేనిచోట ఆహారపు పాఠము చాలదనియు, కూలిరేటు, చౌకబియ్యము మొదలగునవి కూడ గృహవిజ్ఞానమునకు చేరినవే యనియు ఎరుగవలయును.

ఇట్లు ఆలోచించి, తరువాతి వారమున మేమే ఆ యింటికి పోయితిమి. బియ్యము కథ తండ్రికి చెప్పితిమి. ఆయన శ్రద్ధగ విని, "అయితే గంజి పారబోయగూడదన్నమాట" అనెను. అమ్మాయి తల్లి గుమ్మములో నిలిచి, "మా అత్తగారు గంజి తాగేది. మేమే నామోషీ అని మానేశాం" అనెను. ఆమెకు తెలియక కాదు, తెలిసినదానిని సిగ్గుపడి విడిచినది. ఈ సంగతి మా ఆలోచనలో లేనే లేదు. అమ్మాయి మాత్రము దానిని వెంటనే పట్టుకొని, నామోషీ యని ఎవరు చెప్పిరో తల్లిని అడుగ మొదలిడినది. ఆమెకు ఈ వృత్తి తగునని మాకు అప్పుడు రూఢియైనది.

చదువుమనియే చెప్పితిమి. చివరకు తండ్రి, "మరి మావాణ్ణి కూడా ఇది నేర్చుకోమంటారా, మాస్టారూ?" అని కొడుకువైపు చూపెను. అవును, మా వానితోగూడ నంటిమి. ఈసారి ఆయన నవ్వలేదు. ఆలోచించుచు కూర్చుండెను. మా చదువరులును కొంతసేపు అట్లే కూర్చుండి యాలోచింతురుగాక యని మా ప్రార్థన.