చంద్రమతిని ఎవరడిగారు?

1985 నవంబర్ 25. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే కుస్తీ కంపెనీ మహిళా ఛాంపియన్ వెండీ రిక్టర్‌కి ఎదురుగా స్పైడర్ లేడీ అనే ముసుగు మనిషి నిలబడింది. కుస్తీలో ఒక చోట ఆ ముసుగు మనిషి రిక్టర్‌ని చుట్టిపట్టి వెల్లకిలా పడేసింది. రిఫరీ ఒకటి అనేసరికే రిక్టర్ భుజం లేపింది. అతను ఆగలేదు. రెండు, మూడు గబగబా లెక్కపెట్టేశాడు. అయిపోయిందని తెలియక రిక్టర్ ఇంకా కలబడుతూనే ఉంది. ముసుగు లాగితే ఫ్యాబులస్ మూలా! తనకు కుస్తీ నేర్పిన గురువే. జీతం విషయంలో కంపెనీతో నడుస్తున్న పేచీకి ఇది శిక్ష అని రిక్టర్ తర్వాత చెప్పింది. ఆ రాత్రి కుస్తీ బట్టలు కూడా మార్చుకోకుండా ట్యాక్సీ ఎక్కి విమానాశ్రయానికి వెళ్లిపోయింది.

ఈ కుస్తీల్లో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. ఇది వినోదమేనని 1989లో ఆ కంపెనీయే న్యూజెర్సీ ప్రభుత్వానికి చెప్పుకుంది. మరి ముందే రాసిపెట్టిన ఓటమిలో ద్రోహం ఎక్కడుంది?

నేను హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషం కడతాను. కాటిసీనులో లోహితుణ్ని ఒళ్లో పెట్టుకుని పద్యం ఎత్తుకుంటే, పిల్లాడు చివరికి లేస్తాడని తెలిసిన ముసలమ్మలే ముందుగా కొంగు కళ్లకద్దుకుంటారు. చెక్కబల్లల మీద కూలబడి కూలబడి నా మోకాళ్లు కాయలు కాశాయి. ముగింపు తెలిసినంత మాత్రాన ఆ కన్నీళ్లూ ఈ నొప్పీ అబద్ధం కావు. 1984 జూలై 23న అదే గార్డెన్‌లో మూలా రిక్టర్‌కి ఓడిపోయింది. అరవై దాటిన మనిషి, తెలిసే పడింది. దాన్ని నేను అబద్ధమనను. ఇద్దరూ ఒప్పుకుని ఆడిన ఆట అది.

మరుసటి ఏడు జరిగింది వేరు. జనానికి తెలియకపోతే అది నాటకం. ఆడేవాళ్లలో ఒకరికి మాత్రమే తెలియకపోతే, ఆ ఒక్కరి పాలిట అది ద్రోహం.

ఇంతదాకా వచ్చాక నా వేషమే నన్ను నిలదీస్తుంది. హరిశ్చంద్రుడికి మాత్రం తెలుసా? వసిష్ఠుడితో పందెం కట్టింది విశ్వామిత్రుడు. తనమీద పందెం నడుస్తోందని రాజుకి తెలియదు. దేవతలకు తెలుసు, కుర్చీల్లో కూర్చున్న మనకూ తెలుసు. దీన్ని దైవపరీక్ష అని దండం పెట్టి, మూలా చేసిన పనిని మోసమంటే సరిపోతుందా?

పెద్దలు చెప్పే జవాబు ఉంది. విశ్వామిత్రుడు తన తపస్సును పణంగా ఒడ్డాడు, చివరికి తనే వచ్చి రాజ్యం తిరిగిచ్చాడు. అందులో న్యాయం ఉంది. పైగా హరిశ్చంద్రుడు ఆడినమాట తప్పనని తనంతట తాను నిలబడ్డాడు. కానీ చంద్రమతి ఏ మునికీ మాట ఇవ్వలేదు. కాశీలో అమ్ముడుపోయింది ఆమె. పాము కరిచిన బిడ్డను భుజాన వేసుకుని కాటికి నడిచింది ఆమె. నిన్ను ఇందులోకి దించుతున్నాం, సరేనా అని ఒక్కరూ అడగలేదు. ఒప్పుకున్నవాళ్లకే పరీక్ష. ఒప్పుకోని మనిషి మీద మోపితే, మోపింది మునైనా దేవుడైనా సరే, నేను దాన్ని ధర్మమనను. ఇన్నేళ్లు ఆ వేషం కట్టి, ఆ తల్లి తరఫున ఈ మాటైనా అనకపోతే నా పద్యాలకు అర్థం లేదు. భక్తికి ఇది అడ్డు కాదు. దేవుణ్ని న్యాయం అడగలేని భక్తి నాకు అక్కర్లేదు.

వెండీ రిక్టర్‌ని 2010లో అదే కంపెనీ తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుంది. 1985 నవంబర్ 25 నాటి గెలుపు మాత్రం ఆ కంపెనీ రికార్డుల్లో ఇప్పటికీ మూలా పేరు మీదే ఉంది.