మొద్దు అను మాట



పాఠము రాని బిడ్డను "మొద్దు" అని పిలుచుట పాపమా? ఇది చిన్న ప్రశ్నయని తలంతురేమో. ప్రభువు కొండమీద నరహత్యను గూర్చి బోధించుచు, సహోదరుని తూలనాడు నోటిని దాని ప్రక్కనే నిలువబెట్టెను. సహోదరుడనగా ఎదిగినవాడు మాత్రమేయని ఆయన యెక్కడ చెప్పెను?

1895లో మదనపల్లెలో జిడ్డు కృష్ణమూర్తి పుట్టెను. (ఆయన బోధ మన విశ్వాసము కాదు, అయినను ఆయన బాల్యము మనకు పాఠమే.) 1909లో మద్రాసు మైలాపూరు బడిలో ఆ బాలుని మందమతిగా నెంచి, తరచుగా బెత్తముతో కొట్టిరని చరిత్రకారులు వ్రాసిరి. ఆ మందమతి మాటలను తరువాత అనేక దేశములవారు కూర్చుండి వినిరి. అయితే నేను చెప్పదలచినది అది కాదు. అతడు పేరు పొందక, మన చేలలో చెనక్కాయలు పెరుకుచు బ్రదికియుండినను ఆ దెబ్బలు అన్యాయమే. బిడ్డ విలువ రేపటి కీర్తినిబట్టి వచ్చునది కాదు. దేవుని స్వరూపమునుబట్టి వచ్చినది.

ఆయన స్థాపించిన రిషివ్యాలీ బడి మదనపల్లెకు సమీపముననే యున్నది. దాని గ్రామీణ విద్యాకేంద్రము పల్లెపిల్లల కొరకు ఒక పద్ధతి నేర్పరచెను. వేర్వేరు తరగతులవారు ఒక్క గదిలో కూర్చుందురు. పాఠములు చిన్న కార్డులుగా నిచ్చెనమెట్లవలె అమర్చబడును. ఎవరున్న మెట్టు మీది కార్డు వారు తీసికొందురు. జ్వరముతో పదిదినములు మానిన పిల్ల, విడిచిన మెట్టునుండియే మరల ఎక్కును. ఆమెను సిగ్గుపరచుటకు అక్కడ చోటు తక్కువ.

సామెతల గ్రంథములో బెత్తమున్నది గదా యని పెద్దలడుగుదురు. ఉన్నది. కాని అది కుమారుని ప్రేమించు తండ్రి చేతిలోనిది. నలువదిమంది యెదుట నవ్వులపాలు చేయుమని అందులో లేదు. పిల్లలకు కోపము పుట్టింపవద్దని పౌలు కొలొస్సయులకు వ్రాసినప్పుడు, వారి మనస్సు క్రుంగునని కారణము కూడ చెప్పెను. 2009 నాటి విద్యాహక్కు చట్టములోని 17వ సెక్షను బడిలో దెబ్బలనేగాక మానసిక వేధింపును సయితము నిషేధించినది. ఈ సంగతిలో చట్టము సంఘముకంటె ముందు నడచుట మనకు కొంచెము సిగ్గే.

తల్లులారా, బడివేళకు కడుపునొప్పియను బిడ్డ ప్రతిసారి బొంకుట లేదు. భయము నిజముగానే కడుపును పట్టును. తిట్టకముందు ప్రక్కన కూర్చుండి, బడిలో ఏమి జరిగినదో అడుగుడి. ఉపాధ్యాయుని యొద్దకు మీరే వెళ్లుడి. పోట్లాటకు కాదు, మాటలాడుటకు.

మరియు క్రిస్మసు దినమున వాక్యము కంఠత చెప్పలేని పిల్లను మన ఆదివారపు బడిలోనే వరుస నుండి తొలగించుచున్నాము. ఈ యేడు ఆ పిల్ల చేతికి దీపమిచ్చి ముందు నడువనిత్తుమా?